రాజమండ్రిలో పాల్ ఉపన్యాసం: విన్నవారి చరిత్ర

స్వాతంత్ర్యోద్యమ కాలపు మహోపన్యాసాలపై విద్యార్థులకు వ్యాసరచన పోటీలు నిర్వహించడం మన విద్యాలయాల్లో చిరకాలంగా ఉన్న ఆచారం. పోటీకి వచ్చే వ్యాసాలు సాధారణంగా ఉపన్యాసకుని జీవిత సంగ్రహంతో మొదలై జోహార్లతో ముగుస్తాయి. ఆ ఉపన్యాసం విన్నవారెవరు, ఏ భాషలో విన్నారు, విన్నందుకు వారికేమి జరిగింది అన్న ప్రశ్నలు వాటిలోకి రావడం అరుదు. 1907 ఏప్రిల్‌లో రాజమండ్రిలో బిపిన్ చంద్రపాల్ చేసిన ఉపన్యాసాలను ఈ ప్రశ్నలతో పరిశీలించడం అవసరం.

1905 అక్టోబరు 16న బెంగాల్ విభజన అమలులోకి వచ్చింది. దానికి ప్రతిగా లేచిన స్వదేశీ ఉద్యమాన్ని ప్రచారం చేస్తూ పాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరుల మీదుగా మద్రాసు వెళ్ళాడు. పర్యటనలో బందరు వాసి ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట ఉన్నాడు. 1906 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు అధ్యక్షుడుగా దాదాభాయి నౌరోజీ కోరిన స్వరాజ్యం, బ్రిటిష్ వలస రాజ్యాలకు ఉన్నటువంటి స్వపరిపాలన. పాల్ దానితో తృప్తిపడలేదు. బ్రిటిష్ అదుపు ఏమాత్రం లేని స్వాతంత్ర్యమే స్వరాజ్యమని ఆయన మద్రాసులో స్పష్టంగా చెప్పాడు.

ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. కళాశాల విద్యార్థులకూ ప్లీడర్లకూ అది అర్థమయింది గాని సామాన్య జనానికి తెలుగు కావలసి వచ్చింది. ఆ భారం ‘గయోపాఖ్యానం’ నాటకకర్త చిలకమర్తి లక్ష్మీనరసింహం వహించాడు. ఆయన చేసింది కేవలం తర్జుమా కాదు. భారతదేశాన్ని పాడి ఆవుగా, భారతీయులను లేగదూడలుగా, తెల్లవారిని దూడల మూతులు బిగించి పాలు పిండుకొనే గొల్లవారుగా చూపుతూ ఒక పద్యం ఆశువుగా చెప్పాడు. దేశసంపద తరలిపోతున్నదని నౌరోజీ లెక్కలతో నిరూపించిన విషయమే, పశువుల పాక ఉన్న ప్రతి ఇంటికీ తెలిసేలా నాలుగు పాదాల్లో ఇమిడిపోయింది. నేటికీ తెలుగువారి నోట నిలిచింది ఆ పద్యమే. పాల్ వాక్యం ఒక్కటైనా కంఠస్థంగా వచ్చినవారు కనబడరు! అనువాదకులకు చరిత్రలో ఇటువంటి గౌరవం తరచుగా దక్కదు.

విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దానిని సహించలేదు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న కర్నూలు మండలవాసి గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించారు. ప్రభుత్వోద్యోగానికి అనర్హుడన్నారు. ఎం.ఎ. పట్టా పొందిన యువకునికి ఆనాడు అది జీవనోపాధిని మూసివేయడమే. మరికొందరు విద్యార్థులూ శిక్షలు అనుభవించారు. మే 31న కాకినాడలో ఈ నినాదమే పలికిన కొంపెల్ల కృష్ణారావు అనే బాలుణ్ణి జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ కొట్టగా, ఆగ్రహించిన జనం యూరోపియన్ క్లబ్బుపై దాడి చేశారు.

ఈ నినాదం గురించి రాసే ముస్లిం విద్యార్థి ఒక చిక్కును దాటవేయరాదు. ఆ గీతంలోని దేవీస్తుతి తౌహీద్ విశ్వాసంతో పొసగదు. ఈ అభ్యంతరం నిర్హేతుకం కాదని 1937లో కాంగ్రెసు కార్యవర్గమే గ్రహించి, మొదటి రెండు చరణాలకు పరిమితం కావాలని నిర్ణయించింది. బెంగాల్ విభజనను ఢాకా నవాబు సలీముల్లా సమర్థించిన మాటా నిజమే. అయితే 1906 ఏప్రిల్‌లో బారిసాల్‌లో, ఆ నినాదం చేసినందుకు పోలీసులు లాఠీలతో చెదరగొట్టిన రాష్ట్రీయ మహాసభకు అధ్యక్షుడు బారిస్టర్ అబ్దుల్ రసూల్. మౌల్వీ లియాకత్ హుసేన్ కూడా స్వదేశీ ప్రచారకుడే. ముస్లింలందరూ ఒక్క వైపే ఉన్నారనడం చరిత్రకు అన్యాయం చేయడమే. ఇక పాల్ విషయమా? ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఉధృతంగా సాగుతున్న 1921లో, అదే బారిసాల్‌లో ఆయన గాంధీజీ మార్గాన్ని వ్యతిరేకించాడు. జోహార్ల వ్యాసాలలో ఈ పాల్ కనిపించడు.

గాడిచర్ల మాత్రం వెనుదిరగలేదు. బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ వారపత్రిక నడిపాడు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ, విదేశీ ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చిన వ్యాసం ప్రకటించినందుకు రాజద్రోహ నేరంపై జైలు పాలయ్యాడు. కింది కోర్టు విధించిన శిక్ష చాలదని హైకోర్టు దానిని మూడేళ్ళకు పెంచింది. ఉపాధ్యాయుడు కాకుండా నిషేధించబడిన ఆయన, విడుదలయ్యాక ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితాన్ని వినియోగించాడు.