పది మార్కులతో ట్రిపుల్‌ఐటీ సీటు వస్తుందా?

పది ఫలితాలు రాగానే హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఇళ్లలో ఒకటే ప్రశ్న: ‘ఈ మార్కులకు నూజివీడు ట్రిపుల్‌ఐటీలో సీటొస్తుందా?’ గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌కు పది మార్కులే ఆధారం. ప్రవేశ పరీక్ష కొవిడ్ కాలంలోనే పెట్టారు. పది తొలి ప్రయత్నంలోనే పాసై ఉండాలి.

అసలు తేడా బడి దగ్గర వస్తుంది. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ నాన్ రెసిడెన్షియల్ బడుల వారికి 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. 560 వచ్చిన జడ్పీ విద్యార్థికి అది ఇరవైకి పైగా మార్కులు. ప్రైవేటులో అదే 560 వస్తే ఆ మేరకు వెనకే. కాబట్టి పక్కింటి పిల్లాడితో పోల్చుకోవద్దు. నిరుటి కటాఫ్‌లో మీ కేటగిరీ చూడండి, అది స్కోరు కలిపిన లెక్కో కాదో గమనించండి. మార్కులు సమానమైతే ముందు గణితం, తర్వాత సైన్స్ చూస్తారు. కటాఫ్‌కు అటూ ఇటూగా ఉన్నవాళ్లు తుది జాబితా వచ్చేదాకా ఇంటర్ సీటు వదులుకోకండి.