సీక్వెన్సరు క్రాషు (లినక్సు)

లినక్సుపై నడచు స్వేచ్ఛా సంగీత సీక్వెన్సర్లు పని నడుమ హఠాత్తుగా కూలిపోవుటయు, ఆ దోషమునకు మూలమును వెదకు విధానమును ఇచ్చట వివరింపబడును. 1993లో ఇంగ్లండునందలి బాత్ విశ్వవిద్యాలయమున పుట్టిన రోజ్‌గార్డెన్ ఇందుకు తగిన ఉదాహరణము. స్వరములను మిడి సందేశములుగా కాలక్రమమున పేర్చి, ఆల్సా అను లినక్సు ధ్వని వ్యవస్థ మార్గమున వాద్యములకును, జాక్ అను సర్వరు మూలమున సౌండుకార్డుకును అందించుట దీని పని.

ధవళేశ్వరము బ్యారేజీవద్ద గేట్లు దించి నీటిమట్టము నిలిపిననే గాని డెల్టా కాలువలకు నీరు సమముగా పారనట్లు, జాక్ కూడ ధ్వనిని చిన్న చిన్న బఫర్లుగా నిలిపి వదలుచుండును; సెకనుకు 48,000 నమూనాల వేగమున 64 నమూనాల బఫరునకు గడువు 1.3 మిల్లీసెకన్లు, 1,024 నమూనాల దానికి 21. ఆ గడువు తప్పినప్పుడు వినబడు చిటపటను ఎక్స్‌రన్ అందురు. అది క్రాషు కాదు. రెంటిని ఒకటిగా భ్రమించి వృథాగా శ్రమపడువారే పెక్కుమంది.

అసలు క్రాషునకు తరచు హేతువు ప్లగిన్, అనగా సీక్వెన్సరునకు అదనముగా తగిలించు చిన్న ప్రోగ్రాము. లాడ్‌స్పా మొదలగు ప్లగిన్లు సాధారణముగా సీక్వెన్సరు మెమొరీలోనే కాపురముండునవి గనుక, వానిలో ఒక్కటి తనది కాని చిరునామాను తాకినంతనే కెర్నెలు 11వ సిగ్నలు పంపి ఇంటిల్లిపాదిని కూల్చును. టెర్మినలులో ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్క ముక్క మిగులును. సీక్వెన్సరును జీడీబీ అను డీబగ్గరు లోపల నడిపించి, కూలిన పిమ్మట ‘బీటీ’ అని టైపు చేసినచో, ఏ ఫంక్షను దేనిని పిలిచెనో వంశవృక్షమువలె వరుసగా దిగును. దోషి పేరు చాలవరకు పై పంక్తులలోనే దొరకును.

ఫైలు తెరచినప్పుడెల్ల ఆ ప్లగిన్ మరల కూల్చుచున్నను, పాట పోయెనని విలపింప పనిలేదు. రోజ్‌గార్డెన్ ఫైలు జీజిప్‌తో కుదించిన ఎక్స్ఎమ్ఎల్ పాఠమే గావున, ముందొక నకలు దాచుకొని, దానిని విప్పి, ఆ ప్లగిన్‌ను పేర్కొను భాగమును తొలగించి, మరల కుదించినచో తెరచుకొనుట కద్దు.