ఢిల్లీ బీఆర్‌టీ కారిడార్

ఢిల్లీ బీఆర్‌టీ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) కారిడార్ దక్షిణ ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల పొడవున బస్సులకు విడిగా లేన్లు కేటాయించిన రహదారి. 2008 ఏప్రిల్‌లో మొదలైంది, 2016లో తొలగించారు. రద్దీ రోడ్డును ఎవరి కోసం బాగుచేయాలన్న ప్రశ్నపై మన దేశంలో ఇంత పెద్ద చర్చ రేపిన రోడ్డు మరొకటి లేదేమో.

రూపకల్పన

ఐఐటీ ఢిల్లీ రవాణా పరిశోధకులు, ముఖ్యంగా దినేశ్ మోహన్, గీతం తివారీ ఈ ఆలోచనకు మూలం. రోడ్డు మధ్యన బస్సులు, వాటికి ఎడమన కార్లు, స్కూటర్లు, అంచున సైకిళ్లకు ప్రత్యేక దారి, ఆపై ఫుట్‌పాత్. సైకిల్ మీద పనికి వెళ్లే మనిషికి కూడా రోడ్డులో సొంత వాటా ఇవ్వడం ఈ ప్రణాళికలోని గొప్పతనం. దీని గురించి రావలసినంత ప్రచారం రాలేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలనే చెబుతుంది.

మామూలు సిటీ బస్సులే ఈ లేన్లలోకి వచ్చి, కారిడార్ దాటాక తమ రూట్లలో సాగిపోయేవి. ప్రయాణికులకు బస్సు మారే బాధ లేదు. కానీ రూట్లు ఎక్కువ కావడంతో లేన్లలో బస్సులు బారులు తీరేవి.

చిరాగ్ ఢిల్లీ కూడలి

కారిడార్ కష్టాలన్నీ ఇక్కడ కనిపించేవి. కుడికి తిరగాల్సిన కారు, పక్కనే నేరుగా వెళ్లే బస్సు లేన్‌ను దాటాలి. ఎడమకు తిరగాల్సిన బస్సు కార్ల వరుసలను దాటాలి. రెండింటికీ సిగ్నల్‌లో వేర్వేరు సమయం ఇవ్వక తప్పదు. ఆ మేరకు అందరికీ ఎర్రదీపం సమయం పెరిగింది. బస్‌స్టాప్‌లు కూడళ్లకు ఆనుకునే ఉండడం వల్ల ముందు బస్సులు కదిలితే గానీ వెనక బస్సుకు ప్లాట్‌ఫాం అందేది కాదు. ప్రయాణికులు స్టాప్ చేరాలంటే కార్ల లేన్లు దాటాలి. బస్సు లేన్లలోకి చొరబడే వాహనాలను ఆపడానికి మార్షల్స్‌ను నిలపాల్సి వచ్చింది.

కోర్టు తీర్పు, తొలగింపు

కార్లలో వెళ్లేవారికి ఆలస్యమవుతోందంటూ దాఖలైన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2012 అక్టోబరులో కొట్టివేసింది. అయినా వ్యతిరేకత చల్లారలేదు. ఢిల్లీ గేట్ దాకా సాగాల్సిన మధ్య లేన్లు మూల్‌చంద్ దగ్గరే ఆగిపోయాయి. 2015లో కొత్త ప్రభుత్వం కారిడార్‌ను ఎత్తివేయాలని నిర్ణయించింది.

2009 అక్టోబరులో మొదలైన అహ్మదాబాద్ బీఆర్‌టీ 'జన్‌మార్గ్' మాత్రం వేరే దారి పట్టింది. ప్రత్యేక బస్సులు, బస్సు గడప ఎత్తున ప్లాట్‌ఫాంలు, స్టేషన్‌లోనే టికెట్. తర్వాత అది నగరమంతా విస్తరించింది. విజయవాడ, విశాఖపట్నాల్లోనూ బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు.

ఢిల్లీలో తప్పింది బస్సుకు చోటివ్వాలన్న సూత్రం కాదు. కూడళ్ల లెక్క, స్టాప్‌ల అమరిక. పైగా 5.8 కిలోమీటర్ల ముక్కతో నగర ప్రయాణం మారదు. ఒక రోడ్డు బాగుపడిందో లేదో తేల్చడానికి గంటకు ఎన్ని కార్లు దాటాయో కాదు, ఎంతమంది మనుషులు దాటారో లెక్కించాలి.