ఆదిలోనే హంసపాదు

క్రికెట్టుతో పెరిగిన మనకు బేస్‌బాల్ అభిమానుల ఏప్రిల్ వేదన కాస్త వింతగానే తోస్తుంది. ఏడాదికి 162 ఆటలు ఆడే జట్టు తొలి పది ఓడినంతమాత్రాన కొంప మునిగేదేముంది? అయితే అభిమానం ఈ లెక్క వినదు.

1988 నాటి బాల్టిమోర్ ఓరియోల్స్ కథే ఇందుకు సాక్ష్యం. 1983లో వరల్డ్ సిరీస్ గెలిచిన ఆ జట్టు, 1988 ఏప్రిల్ 4న సొంతగడ్డపై మిల్వాకీ చేతిలో 12-0తో ఓడింది. వరుసగా ఆరు ఓడేసరికి యాజమాన్యం మేనేజర్ కాల్ రిప్కెన్ సీనియర్‌ను తొలగించింది. మూడు దశాబ్దాలు ఆ సంస్థనే నమ్ముకున్న మనిషి ఆయన. కొడుకులిద్దరూ ఆ జట్టులోనే ఆడుతున్నారు. ఫ్రాంక్ రాబిన్సన్ పగ్గాలు చేపట్టినా ఓటములు ఆగలేదు. ఆరంభంలోనే వరుసగా 13 ఓడిన పాత రికార్డు చెరిగిపోయింది. లెక్క 21కి చేరింది. గెలిచేదాకా మైకు వదలనని పంతం పట్టిన స్థానిక రేడియో వ్యాఖ్యాత బాబ్ రివర్స్‌కు, ఏప్రిల్ 29న షికాగోలో దక్కిన 9-0 గెలుపుతో గాని విముక్తి కలుగలేదు. అప్పటికి 258 గంటలు!

మే 2న జట్టు ఇల్లు చేరింది. ఒక్క గెలుపు, 23 ఓటములు. అయినా ఆ రాత్రి మైదానానికి 50 వేలమందికి పైగా వచ్చారు. ఆ ఏడాది 107 ఆటలు ఓడిన జట్టే 1989లో 87 గెలిచి, చివరి రోజులదాకా అగ్రస్థానానికి పోటీ పడింది.

ఆరు ఆటలకే యాజమాన్యం ఓర్పు నశించింది. నెల్లాళ్ళు నవ్వులపాలైనవారు మాత్రం టికెట్టు కొనుక్కుని మళ్ళీ వచ్చారు. వారి విసుగును అల్పమనడానికి నాకు మనసొప్పదు.