మంత్రసాని పేరు ఏ రిజిస్టర్లో ఉంది?

మా అమ్మమ్మగారిల్లు విజయవాడ వన్ టౌన్‌లో. ఇంట్లో పురుడొస్తే కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర్నుంచి శొంఠి, పిప్పళ్ళు, వాము తెచ్చేవారు. బాలింతకు కాయం ఎంత పెట్టాలో, ఎన్నాళ్ళు పెట్టాలో మంత్రసాని చెప్పేది. జ్వరమొస్తే ఆయుర్వేద వైద్యుడు, ఆయన వల్ల కాకపోతే ఇంగ్లీషు డాక్టరు. ముగ్గురూ మా ఇంటికి వచ్చినవాళ్ళే. చట్టం మాత్రం చివరికి ఇద్దరినే వైద్యులుగా గుర్తించింది.

1914 మద్రాసు చట్టం కింద మొదలైన వైద్యుల రిజిస్టరు ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్ళది. దేశీయ వైద్యుల ఒత్తిడితో 1921లో ఉస్మాన్ కమిటీని వేశారు. అది 1923లో నివేదిక ఇచ్చాక మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు మళ్ళిన ఆచంట లక్ష్మీపతి ఈ చరిత్రలో పెద్ద పేరు. ఆయన భార్య రుక్మిణి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. 1946-47లో ప్రకాశం మంత్రివర్గంలో ప్రజారోగ్య శాఖ చూశారు. వైద్య చరిత్ర రాసేటప్పుడు లక్ష్మీపతిగారిని తలుచుకున్నంతగా ఆవిడను ఎందుకు తలుచుకోం?

1970 కేంద్ర చట్టంతో ఆయుర్వేద వైద్యులకూ జాతీయ రిజిస్టరు వచ్చింది. మా ఊళ్ళోనే నోరి రామశాస్త్రి పేర ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. 1986లో ఇక్కడ ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయమే ఎంబీబీఎస్ పట్టా, ఆయుర్వేద పట్టా రెండూ ఇస్తుంది. రెండు చదువులూ నాలుగున్నరేళ్ళే, పైన ఏడాది ఇంటర్న్‌షిప్.

అయితే ఇద్దరూ సమానమేనా? 2021లో ఢిల్లీ మునిసిపల్ కేసులో సుప్రీంకోర్టు పదవీ విరమణ వయసు విషయంలో సమానమే అంది. 2023లో గుజరాత్ కేసులో జీతం విషయంలో కాదంది. అత్యవసర సేవలు, క్లిష్టమైన శస్త్రచికిత్సలు, పోస్ట్‌మార్టం ఆయుర్వేద వైద్యులు చెయ్యరని కారణం చూపింది. 2025లో విరమణ వయసు ప్రశ్న మళ్ళీ విస్తృత ధర్మాసనానికి వెళ్ళింది.

ఈ తగువు చదివినప్పుడల్లా నాకు మా ఇంటి మూడో మనిషి గుర్తొస్తుంది. 1926 మద్రాసు నర్సుల, మిడ్‌వైఫుల చట్టం శిక్షణ పొందినవాళ్ళకు రిజిస్టరు తెరిచింది. తల్లి దగ్గరో అత్త దగ్గరో పని నేర్చుకున్న మంత్రసానికి అందులో చోటు లేదు. ఆవిడ చేతి పనిని ఆకాశానికెత్తాలని కాదు. శుభ్రంలేని కత్తితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి పసికందులు పోయారన్నదీ నిజమే. కానీ ఆయుర్వేదంలో లోపాలున్నాయన్నప్పుడు దానికి కళాశాల పెట్టి, పాఠ్యక్రమం రాసి సరిదిద్దబోయారు. ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న విద్యకు మాత్రం కాసిని రోజుల శిక్షణ, ఒక కిట్టు సరిపోతాయనుకున్నారు. ఆ చేతులు ఎక్కువగా కింది కులాలవి కావడం కాకతాళీయం కాదు.

2005 తర్వాత గర్భిణిని ఆసుపత్రికి తోడుండి తీసుకెళ్ళే పని ఆశా కార్యకర్త మీద పడింది. ఆమెకిచ్చేది జీతం కాదు, పారితోషికం. ఇద్దరు డాక్టర్ల జీతాల్లో తేడా ఎంతుండాలో న్యాయస్థానం తూచింది. ఈమె పనిని తూచవలసిన రోజు ఇంకా రావాలి.