మెతుకుసీమ ఎంపీని చంపిన రోజు

1984 అక్టోబరు 31, బుధవారం. పొద్దు నడినెత్తి దాటింది.

శంకరంపేటలో ఒక ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు. ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టేదాకా ఒక్కరి చూపూ చేతుల మీద లేదు. చేతుల పని చేతులదే, మాటల పని మాటలదే.

సైకిల్ మీద వచ్చిన పిల్లవాడు కాలు నేలకానించి నిలబడ్డాడు.

“అవ్వా, ఇందిరమ్మను సంపిన్రట.”

“ఎవల్నిరా?”

“ఇందిరమ్మనే. ఢిల్లీల. ఆమె కాడ పనిజేసే పోలీసోళ్లే కాల్చిన్రట. హోటల్ కాడ రేడియో వెట్టుకొని అందరు గాడనే ఉన్నరు.”

ముసలామె చేతిలోని బీడీ విడిపోయి తంబాకు ఒళ్లో రాలింది. “మన ఓటుతోని గెలిసినామె గదరా” అంది. చాలాసేపటిదాకా ఇంకేమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఊళ్లో ఎవరేమన్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. అరుగు, అవ్వ, సైకిల్ పిల్లవాడు నా ఊహలోంచి వచ్చినవాళ్లే. ఢిల్లీలో జరిగింది మాత్రం చరిత్రకెక్కింది. ఉదయం తొమ్మిది దాటాక సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇంటి నుంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు ఆఫీసుకు ఇందిరాగాంధీ తోటలోంచి నడిచి వెళుతున్నారు. కాషాయరంగు చీర కట్టుకున్నారు. అటువైపు బ్రిటిష్ నటుడు పీటర్ ఉస్తినోవ్ కెమెరాలు సిద్ధం చేసుకుని ఆమె కోసం కూర్చున్నారు. టీవీ ఇంటర్వ్యూ అది. మధ్యలో ఉన్న చిన్న గేటు దగ్గర అంగరక్షకులు బియాంత్ సింగ్, సత్వంత్ సింగ్ కాల్చేశారు. తల సోనియా ఒడిలో పెట్టుకుని అంబాసిడర్ కారులో ఎయిమ్స్‌కు తీసుకెళ్లారు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌ కూడా రేడియోలో బీబీసీ వినే కబురు ఖాయం చేసుకున్నారు. మన ఆకాశవాణి సాయంత్రం దాకా ఆ మాట బయటపెట్టలేదు.

దేశానికి ప్రధాని పోయారు. శంకరంపేటకు తన ఎంపీ పోయింది. ఈ రెండోమాట చాలామందికి గుర్తుండదు. ఇందిర అనగానే రాయ్‌బరేలీ అంటారు. చనిపోయిన నాటికి ఆమె లోక్‌సభలో కూర్చున్నది మెదక్ సభ్యురాలిగా.

ఆ కథ 1977లో మొదలైంది. ఎమర్జెన్సీ మీద ఉత్తరాది భగ్గుమంది. రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ఆమె ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1978లో చిక్కమగళూరు ఉప ఎన్నికలో గెలిచి సభకు వెళితే, నెల తిరిగేసరికి సభ్యత్వం రద్దు చేసి తీహార్ జైలుకు పంపారు. 1980 జనవరి నాటికి ఆమెకు ఒక్క రాయ్‌బరేలీని నమ్ముకునే ధైర్యం లేదు. మెదక్‌లోనూ నామినేషన్ వేశారు. అక్కడి సిట్టింగ్ ఎంపీ మల్లికార్జున్ మహబూబ్‌నగర్‌కు మారారు.

ఎదురు నిలబడింది జైపాల్ రెడ్డి. పసితనంలో వచ్చిన పోలియోతో చంకకర్రల మీద నడిచే మనిషి. నలభై నిండలేదు. ఎమర్జెన్సీని భరించలేక కాంగ్రెస్‌ను వదిలి వచ్చినవాడు. ఆ ఎన్నికల్లో గెలుస్తానని ఆయన అనుకుని ఉంటారని నాకు అనిపించదు. ఎమర్జెన్సీ పెట్టిన మనిషి మన గడప దాకా వచ్చి ఓటడిగితే, ‘కాదు’ అనే మనిషి ఒకడుండాలి గదా. ఆ పని ఆయన చేశారు. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇందిర రెండు చోట్లా గెలిచి, రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు.

మెదక్ అమాయకంగా ఓటేసిందని, రాణిగారొస్తే మోకరిల్లిందని రాసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ‘గరీబీ హటావో’ గాలి దేశమంతా ఊపేసిన 1971లో ఇదే మెదక్ ఆమె పార్టీని ఓడించి తెలంగాణ ప్రజా సమితిని గెలిపించింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో కాల్పులకు పిల్లలు నేలకొరిగిన కోపం అది. అప్పుడు గెలిచింది ఈ మల్లికార్జునే. పదేళ్లు తిరగకుండా ఆమెకే లక్షల ఓట్లు పోసిందంటే, పోసినవాళ్లకు వాళ్ల లెక్క వాళ్లకుంది. మెతుకుసీమ అని పేరున్న నేల ఇది. ఇక్కడి బీదవాళ్లు ఓటును గింజల్లా లెక్కపెట్టుకునే వేస్తారు. ఆడమనిషి ఏలడం ఈ ఊరికి కొత్త కూడా కాదు. పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ పేరు మీదే శంకరంపేట వెలిసిందని, ఆమె కొడుకు పేరు మీద సంగారెడ్డి వెలిసిందని పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. యుద్ధంలో గెలిచిన ఆమెను నిజాం ‘రాయబాగన్’ అన్నాడని, అంటే ఆడపులి అని, ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతు మారుతుంది.

మళ్లీ ఆ అరుగు దగ్గరికి.

చీకటి పడింది. హోటల్ ముందు బల్లల మీద చాయ్ చల్లారిపోయింది. రేడియోలో కొత్త ప్రధానిగా రాజీవ్ ప్రమాణం చేసిన వార్త వచ్చింది. ఒక పెద్దాయన తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్న కుర్రాడు ఊరుకోలేదు.

“కాకా, మొన్న ఆగస్టుల ఎన్టీవోణ్ణి గద్దె దింపినప్పుడు ఈమెనేగదనే తిట్టినవ్?”

“తిట్టిన. ఇప్పుడు ఏడుస్తున్న. అయితేంది?”

నిజమే. రెండు నెలల కిందటి మంట ఇంకా ఆరలేదు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావును ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా జనం చూసిన మనిషి, నీరసించిన ఒంటితో ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబడ్డారు. ఊరూరా జనం రోడ్ల మీదికొచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, కుర్చీ తిరిగి ఇవ్వక తప్పలేదు. ఆ బర్తరఫ్ వెనక ఢిల్లీ చెయ్యి ఉందని నమ్మని తెలుగువాళ్లు ఆనాడు తక్కువ.

డిసెంబరు చివరి వారంలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. అమ్మ చనిపోయిన సానుభూతితో దేశం కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు పోసింది. ఆంధ్రప్రదేశ్ తెలుగుదేశానికి 30 ఇచ్చింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. హనుమకొండలో పి.వి. నరసింహారావు అంతటివాడు ఓడిపోయారు. మెదక్‌లో, ఆమె సొంత సీట్లో, గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి మాణిక్ రెడ్డి.

పోలింగు రోజు పొద్దున్నే ముసలామె కోడలితో కలిసి బడి దగ్గర లైన్లో నిలబడింది. రెండు నెలల కింద పెట్టిన ఇందిరమ్మ ఫొటో ఇంట్లో దేవుడి గూట్లోనే ఉంది. పూలదండ ఎండింది, తీయలేదు. ఏ గుర్తు మీద ముద్ర వేసిందో కోడలు అడిగితే చెప్పలేదు. ఇంటికొచ్చి వేలి మీది సిరా ఆరకముందే చాట ఒళ్లోకి లాక్కుంది. పొద్దుగూకేలోగా కట్టలు కార్ఖానాలో అప్పజెప్పాలి.