బండ పేరు, చెరిగే జ్ఞాపకం: కువైట్ సఖ్ర్ కంప్యూటర్ల కథ

సఖ్ర్ అనే అరబిక్ మాటకు బండరాయి అని అర్థం. కువైట్‌లో మహమ్మద్ అల్-షారెఖ్ 1982లో నెలకొల్పిన అల్-ఆలమియా సంస్థ తన ఇంటి కంప్యూటర్లకు ఆ పేరే పెట్టుకుంది. పేరు బండదైనా, దాని జ్ఞాపకం మాత్రం కొన్ని మిల్లీసెకన్లలో చెరిగిపోయే స్వభావం కలది. ఆ స్వభావాన్ని అర్థం చేసుకుంటే, పాత యంత్రాల మెమరీని కొందరు ఎందుకంత శ్రద్ధగా మారుస్తున్నారో తెలుస్తుంది.

సఖ్ర్ యంత్రాలకు ఆధారం 1983లో మైక్రోసాఫ్ట్, జపాన్‌కు చెందిన ఆస్కీ సంస్థ కలిసి ప్రకటించిన ఎంఎస్ఎక్స్ ప్రమాణం. ఏఎక్స్-170, ఏఎక్స్-370 నమూనాలు సాన్యో తయారుచేసినవి. ఏఎక్స్-350 యమహా తయారుచేసినది. కువైట్ సంస్థ వాటికి చేర్చింది భాషను. అరబిక్ అక్షరం పదంలో తానున్న చోటును బట్టి నాలుగు రూపాల దాకా ధరిస్తుంది. రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. ఈ వ్యవహారమంతా యంత్రపు రోమ్‌లోనే పొందుపరచారు. ఈజిప్టు ఇంజనీరు, భాషావేత్త నబీల్ అలీ ఈ కృషిలో ముఖ్యుడు.

అయితే ఆ యంత్రాల జడ్80 ప్రాసెసరుకు చిరునామా తీగలు పదహారే. అది ఒకసారి చూడగలిగింది 64 కిలోబైట్లు మాత్రమే. ఎంఎస్ఎక్స్ రెండవ తరంలో దీనికొక ఉపాయం వచ్చింది. మెమరీని 16 కిలోబైట్ల ముక్కలుగా విభజించి, కావలసిన నాలుగింటిని ప్రాసెసరు ఎదుట నిలుపుతారు. ముక్క సంఖ్యకు ఎనిమిది బిట్లు కేటాయిస్తే 256 ముక్కలు, అంటే గరిష్ఠంగా నాలుగు మెగాబైట్లు.

పరిమితి అంత ఉన్నా, అమ్మకానికి వచ్చిన యంత్రాల్లో ఉన్నది అందులో స్వల్పాంశం. అందుకే మార్పులు మొదలయ్యాయి. నాటి 4164 చిప్‌కు పదహారు పిన్నులు; అందులో ఒకటవ పిన్ సాధారణంగా ఖాళీ. దానికి నాలుగింతల సామర్థ్యం గల 41256 చిప్‌కూ పదహారే పిన్నులు; ఒకటవ పిన్ తొమ్మిదవ చిరునామా తీగ అయింది. చిరునామాను వరుస, నిలువు అని రెండు విడతలుగా పంపుతారు కనుక ఒక్క తీగ రెండు బిట్లను మోస్తుంది, సామర్థ్యం నాలుగింతలవుతుంది. ఆ ఒక్క పిన్‌కు సరైన సంకేతం అందించడం చూడడానికి చిన్న పనే.

చిక్కు వేరొక చోట ఉంది. ఈ చిప్‌లలో ప్రతి బిట్టూ ఒక సూక్ష్మ కెపాసిటరులోని విద్యుదావేశం. అది నిరంతరం కారిపోతుంటుంది. మళ్ళీ చదివి నింపకపోతే పోతుంది. జడ్80 ఈ పనిని తానే చేస్తుంది, కాని దాని లెక్కింపు ఏడు బిట్లు, అంటే 128 వరుసలు. 41256కు నాలుగు మిల్లీసెకన్లలో 256 వరుసలు నింపాలి. ఎనిమిదవ బిట్టును బయటినుంచి సమకూర్చడమో, చిప్‌లోని సొంత లెక్కింపును వాడుకోవడమో చేయకపోతే, వేరే పనిమీద చదివితే తప్ప సగం వరుసలు మరపున పడతాయి. యంత్రం మొదట బాగానే పనిచేసి, కాసేపటికి తప్పు పలుకుతుంది.

తరువాతి కాలంలో ఔత్సాహికులు పీసీలలో వాడే 30 పిన్నుల మెమరీ మాడ్యూళ్ళను కార్ట్రిడ్జ్‌లలో అమర్చారు. ఒక్క నాలుగు మెగాబైట్ల మాడ్యూలు ఎంఎస్ఎక్స్ గరిష్ఠ పరిమితికి సరిగ్గా సరిపోవడం విశేషం. 72 పిన్నుల మాడ్యూళ్ళతో మరో తంటా ఉంది. వాటిలో 67 నుంచి 70 దాకా ఉన్న పిన్నులు మాడ్యూలు పరిమాణాన్ని, వేగాన్ని చాటుతాయి. ఐబీఎం పీఎస్/2 వంటి యంత్రాలు ఆ చాటింపును చూసే అంగీకరిస్తాయి. రక్తమార్పిడిలో రక్తం పరిమాణం ఒక్కటే చాలదు, గ్రూపు కలవాలి, ఇక్కడా అంతే. గింజంత రెసిస్టరును ఒక గడి నుంచి మరో గడికి మార్చి అతికిస్తే, తిరస్కరించిన యంత్రమే స్వీకరిస్తుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ దురాక్రమణతో కువైట్‌లో ఆ యంత్రాల శకం ముగిసింది. సంస్థ కార్యక్షేత్రం కైరోకు మారి, అరబిక్ సాఫ్ట్‌వేరు వైపు సాగింది. అల్-షారెఖ్ 2024లో మరణించాడు. సఖ్ర్ మీద రాసిన అరబిక్ ప్రోగ్రాములు నేటికీ క్యాసెట్లలో, కార్ట్రిడ్జ్‌లలో, డిస్కుల్లో ఉన్నాయి. ఎమ్యులేటర్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఎమ్యులేటరు యంత్రానికి వర్ణన. వర్ణన నిజమో కాదో తేల్చడానికి ఆ యంత్రమే సజీవంగా ఉండాలి.

ఇది మనకూ వర్తించే మాట. ఐఐటీ కాన్పూరులో మొలకెత్తి, 1988లో ఏర్పడిన సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ సాంకేతికత కూడా భారతీయ లిపులను మొదట అదనపు కార్డు రూపంలోనే పీసీకి నేర్పింది. 1991లో ఇస్కీ భారతీయ ప్రమాణమైంది. యూనికోడ్ స్థిరపడకముందు ఇస్కీలోనూ, అచ్చుపనికి వాడిన రకరకాల ఫాంట్ల సంకేతాల్లోనూ కూర్చిన తెలుగు పాఠం నేటి తెరమీద అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. దాన్ని చదివే కార్డూ, ఆ కార్డును మోసే పాత పీసీ, ఆ పీసీ అంగీకరించే మాడ్యూలూ గొలుసు కడియాలు. ఒకటి తెగినా పాఠం మూగబోతుంది.

బండమీది శాసనాన్ని వేయేళ్ళు ఎవరూ పట్టించుకోకున్నా అది నిలుస్తుంది. యంత్రంలోని అక్షరం అలా నిలవదు. ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ చదివి, మళ్ళీ రాస్తుంటేనే ఉంటుంది. మన ఇళ్ళలో, అచ్చుకూటాల్లో అటకెక్కిన పాత పీసీలను తుక్కుకు తూచే ముందు, వాటిలో ఏ భాష ఉందో ఒకసారి చూడడం అవసరం.